జానెడు ఎత్తు

జీపు వెనక తలుపు కిందికి దించితే అది వెనక వాకిట్లోకి సాగిన వంటింటి గట్టుకు అతికినట్టు వచ్చి ఆనేది. అన్నం గుండిగకు రెండు పక్కలా గుడ్డలు పట్టి అక్క ఒక్క తోపు తోస్తే చాలు, అది గట్టు మీంచి జారుకుంటూ తిన్నగా జీపులోకి వెళ్లి కూర్చునేది. ఎత్తడం, దించడం, ఎవరినైనా ఓ చెయ్యి వేయమని బతిమాలడం, ఇవేవీ లేవు. దాని వెనక కూర గుండిగ, దాని వెనక నీళ్ల డబ్బాలు. అన్నీ సర్దుకున్నాక తలుపు మూసి గొళ్లెం పెట్టి, ముందు సీట్లో తమ్ముడి పక్కన కూర్చునేది. బండి మూలుగుతూ కొండ మీది రాళ్ల క్వారీకి బయలుదేరేది.

ఆ గట్టు నాన్న కట్టించింది. భర్త పోయి పుట్టింటికి వచ్చిన కొత్తలో, ఏ మూల కూర్చుంటే ఎవరికి అడ్డమో తెలియక అక్క ఎప్పుడూ గోడకు ఆనుకుని నిలబడే ఉండేది. నాన్న అది చూడలేకపోయాడు. క్వారీలో పనిచేసేవాళ్లకు మధ్యాహ్నం భోజనం అందించే పని అడిగి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వు నలుగురికీ వడ్డించు. నీ కంచం సంగతి ఎవరు మాట్లాడతారో చూస్తాను" అన్నాడు. అంతటితో ఊరుకోలేదు. అక్క పొట్టి మనిషి, పైగా నడుం నొప్పి. అందుకని పాత జీపును వంటింటి వెనక వాకిట్లో నిలబెట్టి, అందులో బియ్యం బస్తాలు వేయించి, ఆ బరువుకు బండి కాస్త కుంగాక తలుపు ఎంత ఎత్తులో ఉందో గోడ మీద బొగ్గుతో గీత గీశాడు. ఆ గీత దగ్గరికి గట్టు లేపించాడు. పొయ్యిలను కూడా గట్టులోకి దింపించి, వాటి మీద ఇనప కమ్మీలను గట్టుకు సమంగా వేయించాడు. పొయ్యి మీంచి బండిలోకి గిన్నె ఎక్కడా ఎత్తక్కర్లేదు.

"ఖాళీ బండిని కొలుచుకుంటే పోయేదానికి ఈ బస్తాల మోత దేనికండీ" అని తాపీమేస్త్రి విసుక్కుంటే, "మా అమ్మాయి తోసేటప్పుడు బండి ఖాళీగా ఉండదు కదయ్యా" అన్నాడు నాన్న.

పోయేముందు ఆయన పంచి ఇచ్చిందల్లా ఆ ఇల్లు, ఆ జీపు. ఇంటి సంగతి కాగితాల్లో ఉంది. జీపు సంగతి మాత్రం నోటితోనే చెప్పాడు. "ముందు భాగం నీదిరా. వెనక భాగం అక్కది." ఆ మాటకు చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాన్న నవ్వలేదు. తమ్ముడు కూడా అప్పుడు తల ఊపాడు.

తమ్ముడు చెడ్డవాడేం కాదు. ఆ మాట అక్క ఎవరి దగ్గరైనా ఒప్పుకుంటుంది. అన్నేళ్లూ ఒక్కరోజు కూడా నాగా పెట్టకుండా బండి తోలాడు. అయితే వాడిని వేధించేది ఒకటుంది. వీధిలో వాళ్లూ, క్వారీ వాళ్లూ వాడిని 'గిన్నెలు' అని పిలిచేవాళ్లు. "ఏం గిన్నెలూ, ఇవాళ కూరేమిటి?" అని చిన్నపిల్లలు కూడా అరిచేవాళ్లు. వాడు నవ్వుతూ చెయ్యి ఊపేవాడు. అక్క పక్కసీట్లో ఉండేది కాబట్టి, ఆ నవ్వు మలుపు తిరిగేలోపే ఆరిపోవడం ఆమె ఒక్కతే చూసేది. వాడి చొక్కాలకు కూడా ఎప్పుడూ తాలింపు వాసనే.

ఆ రోజుల్లోనే, సెలవు వస్తే చాలు, పట్నం నుంచి కొందరు పెద్ద పెద్ద జీపులేసుకుని కొండ వెనక బురదలో తిరగడానికి రావడం మొదలుపెట్టారు. దారి బాగోని చోట వెతుక్కుని మరీ వెళ్లడమే వాళ్ల సరదా. ఒకరోజు ఒకడి బండి ఇరుసుల దాకా కూరుకుపోతే తమ్ముడు తాడు కట్టి లాగి బయటపడేశాడు. కొండలో ఏ వాగు ఎక్కడ లోతో వాడికి కళ్లు మూసుకున్నా తెలుసు. అప్పటినుంచి వాళ్లు వాడిని వెంట తీసుకువెళ్లేవాళ్లు. 'గురూ' అని పిలిచేవాళ్లు. ఆ పిలుపు విన్న రోజు తమ్ముడి కాలు నేల మీద నిలవలేదు. అన్నం తింటూ తింటూ నాలుగుసార్లు చెప్పాడు.

"గురూ అన్నారు అక్కా. అంత చదువుకున్నవాళ్లు."

"అయితే గురువుగారూ, ఆ కంచం కడిగి లేవండి" అంది మరదలు. తమ్ముడి పెళ్లాం నోరు అలాంటిదే. అక్కతో మాత్రం ఏనాడూ పుల్లవిరుపుగా మాట్లాడలేదు. పొద్దున కూరలు తరగడం దగ్గర్నుంచి గిన్నెలు తోమడం దాకా సగం పని ఆమెదే.

కొన్నాళ్లకు గురువుగారికి బండి నామోషీ అయింది. వాళ్ల బండ్లు ఎత్తుగా, ఏనుగు కాళ్లలాంటి టైర్లతో ఉన్నాయి. వీడిదేమో బొజ్జ నేలకు ఆనుతూ నడిచే ముసలి జీపు. ఒకాయన తలుపు తీసి వాసన చూసి, "గురూ, ఇది బండా, హోటలా?" అన్నాడట. అందరూ నవ్వారట. తమ్ముడు ఆ సంగతి చెబుతూ తనూ నవ్వాడు గానీ, ఆ రాత్రి పెరుగు కూడా వేసుకోకుండా లేచిపోయాడు. వారం తిరక్కుండానే జీపును బండ్లు బాగుచేసే మేస్త్రి షెడ్డుకు తోలాడు.

"బండి కొంచెం లేపిస్తున్నా అక్కా. పెద్ద టైర్లు వేయిస్తున్నా. క్వారీ దారిలో రాళ్లు తగులుతున్నాయని నువ్వే కదా సణుగుతావు" అన్నాడు.

అది నిజమే. అక్క సణిగేది. అందుకే ఏమీ అనలేకపోయింది.

అక్క షెడ్డు దగ్గరికి వెళ్లి చూసింది. జీపు నాలుగు ఇనప పీటల మీద, చక్రాలు లేకుండా, గాల్లో నిలబడి ఉంది. ఇన్నేళ్లు దాని బరువు మోసిన కమాన్లు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన ఉక్కు పట్టీల కట్టలు, తుప్పు రంగులో గోడ పక్కన పడి ఉన్నాయి. బరువు మోసీ మోసీ వాటి వంపు దాదాపు పోయింది. పక్కనే కొత్తవి, నల్లగా నిగనిగలాడుతూ, విల్లులా వంగి ఉన్నాయి. టైర్లయితే ఆమె నడుం దాకా వచ్చాయి. రబ్బరు మీద గళ్లు ఎంత లోతంటే, వేలు పెడితే సగం దాకా పోయింది.

మేస్త్రి నూనె చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చాడు. "చూశారా అక్కా, మీ బండి పెళ్లికొడుకైపోతోంది. బ్రేకు పైపులు పొడుగువి వేశాను. ఆ చక్రాలు తిరిగేటప్పుడు ఒరుసుకోకుండా రేకు కూడా కొంచెం కోశాను."

"ఎంత పైకి లేస్తుంది?"

"జానెడు. టైర్లతో కలిపి ఇంకొంచెం ఎక్కువే."

అక్క తన చెయ్యి చాపి జాన చూసుకుంది. బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా. అంత ఎత్తుకు గుండిగను ఎలా ఎక్కించాలా అని ఆమె మనసులో లెక్క తెగలేదు. టైర్ల దగ్గర నిలబడ్డ తమ్ముడిని పిలిచి అడగబోయింది. ఈలోగా పక్కన ఎవరో ఇనుము కోసే మిషన్ పెట్టారు. నిప్పురవ్వలు, చెవులు గింగురుమనే రొద. ఆ రొదలోనే మేస్త్రి తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి ఏదో చెబుతున్నాడు. రెండో చేతిని గాల్లో బోర్లించి, కిందికి నొక్కుతున్నట్టు మెల్లమెల్లగా దించి చూపిస్తున్నాడు. తమ్ముడు తల ఊపుతున్నాడు. కానీ వాడి చూపు టైరు మీద ఉంది. అక్క ఆ చెయ్యి చూసింది. మాట వినపడలేదు. వాళ్ల పని గొడవ అనుకుని వచ్చేసింది.

ఎత్తు లేపిన జీపు వాకిట్లోకి వచ్చిన మొదటి రోజు వెనక తలుపు దించితే, అది గట్టు కంటే జానెడు పైన ఆగింది.

"వదినా, మీ తమ్ముడు బండికి మడమల చెప్పులు తొడిగించాడు" అంది మరదలు.

ఇద్దరూ చెరో పక్క పట్టి అన్నం గుండిగను ఎత్తారు. సగం ఎత్తేసరికి అక్క నడుం పట్టేసింది. గుండిగ గట్టు మీద ధనాలున కూలబడింది. తమ్ముడు పరుగెత్తుకొచ్చి తను ఎత్తాడు. కూర గుండిగ ఎత్తేటప్పుడు ఒలికి సగం వాకిలి పాలయింది. జీపు ఎత్తు పెరగడంతో కొండ మలుపుల దగ్గర ఉయ్యాలలా ఊగింది. లోపల మూతలు ఎగిరిపడ్డాయి. వాళ్లు చేరేసరికి క్వారీలో అందరూ కంచాలు ముందు పెట్టుకుని, ఎండలో, ఒక్కరూ మాట్లాడకుండా కూర్చుని ఉన్నారు. ఆ మౌనం కంటే తిట్టినా బాగుండేదనిపించింది అక్కకు.

క్వారీ సూపర్‌వైజరు వాచీ చూడలేదు. జీపును చూశాడు. "ఏమమ్మా, బండి బాగా పెంచారు. వడ్డన తగ్గించారు" అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "పట్నం నుంచి ఒకాయన వ్యాన్లలో భోజనాలు పంపిస్తానని తిరుగుతున్నాడు. నేనే ఆపుతున్నా. నాకు ఆ అవసరం తెప్పించొద్దు" అన్నాడు.

అది అక్క చెవిలో ముల్లులా దిగింది. ఆ పని పోతే తనకేముంది? మళ్లీ గోడకు ఆనుకుని నిలబడటమే.

దారిలోనే అడిగింది. "నాన్న ఏమన్నాడురా? వెనక భాగం నాది అన్నాడా లేదా?"

"వెనక భాగం ఎక్కడికి పోయింది అక్కా? అక్కడే ఉంది. కొంచెం పైకి లేచింది, అంతే."

"నాకు అందనిది నాదెలా అవుతుంది?"

తమ్ముడు గేరు మార్చాడు. "నేను స్టీరింగు పట్టినప్పట్నుంచీ నీ గిన్నెలే మోస్తున్నా. ఒక్కసారి నా కోసం ఒక్కటి చేసుకుంటే, అది కూడా నీ గట్టుకు కొలిచి చేసుకోవాలా?"

వాడు అన్నదాంట్లో అబద్ధం లేదు. తను అన్నదాంట్లోనూ అబద్ధం లేదు. ఇల్లు చేరేదాకా ఇద్దరూ రోడ్డునే చూస్తూ కూర్చున్నారు.

ఆ తర్వాత కొన్నాళ్లు నానా తంటాలు పడ్డారు. గిన్నెలు చిన్నవి చేశారు. కూరను బకెట్లలో పోసి ఎక్కించారు. తమ్ముడు ఉన్నప్పుడు పర్వాలేదు. వాడు బురద వాళ్ల దగ్గర్నుంచి ఆలస్యంగా వచ్చిన రోజు ఆడవాళ్లిద్దరికీ చుక్కలు కనిపించేవి.

క్వారీకి సెలవులు ఇచ్చిన వారంలో పిన్నికి బాగోలేదని అక్క చూడటానికి వెళ్లింది. తిరిగొచ్చి వంటింట్లో అడుగుపెడితే గట్టు మారిపోయి ఉంది. పాతదాని మీద ఇటుక వరసలు పేర్చి, నున్నగా సిమెంటు చేసి, పొయ్యిలు, కమ్మీలు అన్నీ పైకి లేపారు. ఆమె నిలబడటానికి కింద ఒక చెక్క పీట వేశారు. తమ్ముడు జీపు వెనక్కి తెచ్చి తలుపు దించాడు. తలుపు గట్టుకు అతికినట్టు వచ్చి ఆనింది.

"తోసి చూడు" అన్నాడు.

అక్క నీళ్లు నింపిన గుండిగను తోసింది. అది జారుకుంటూ వెళ్లి జీపులో కూర్చుంది.

"నువ్వు వచ్చేసరికి అయిపోవాలని పగలంతా దగ్గరుండి కట్టించాడు వదినా. ఆయన చేతులు చూడు, సిమెంటుకు ఎలా పగిలాయో" అంది మరదలు. తమ్ముడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

అక్క కొత్త సిమెంటు మీద అరచెయ్యి వేసి, ఇటు కొస నుంచి అటు కొస దాకా నిమిరింది. చల్లగా ఉంది. వీడిని ఎన్ని మాటలు అనుకున్నానో అని కళ్లు చెమర్చాయి. ఆ పూట వాడికి ఇష్టమని వంకాయలు వెతికి తెప్పించి వండింది. గోడ మీద నాన్న గీసిన బొగ్గు గీత ఇటుకల వెనక పడిపోయిందన్న సంగతి పడుకోబోయే ముందు గుర్తొచ్చింది. పోనీలే అనుకుంది.

మొదట్లో అంతా బాగా నడిచింది. భోజనం వేళకు అందింది. సూపర్‌వైజరు వ్యాన్ల ఊసు ఎత్తడం మానేశాడు. తర్వాత ఒకరోజు గుండిగ తోస్తుంటే చివర్లో టక్కుమని చిన్న చప్పుడైంది. వంగి చూసింది. తలుపు గట్టు కంటే ఒక గోరు మందం కిందికి ఉంది. పైనుంచి కిందికే కదా, ఇంకా తేలిగ్గా పోతుందిలే అనుకుంది. కొన్నాళ్లకు అది వేలి మందమైంది. గిన్నె అంచు దాటేటప్పుడు ఒక కుదుపు, లోపల కూర తొణకడం. అక్క గోనెసంచి మడిచి తలుపు మీద వేసింది. సంచి నలిగిపోయింది. తేడా రెండు వేళ్లయింది. అన్నం గుండిగ ముందు వెళ్లేసరికి ఆ బరువుకు బండి ఇంకా కుంగేది. రెండో గుండిగ నెట్టేటప్పుడు భయం వేసేది. మరదలు కింద నిలబడి, గిన్నె ముందు అంచుకు గుడ్డ పట్టి మెల్లగా దించడం మొదలుపెట్టింది.

"ఇలా కాదు వదినా. ఆయనతో చెప్పు. నేను చెబితే పెళ్లాం నసలో కలిపేస్తాడు" అంది.

అక్క చెప్పింది. తమ్ముడు జీపుకు ముందు పెద్ద దీపాలు బిగించుకుంటున్నాడు.

"కొత్త కమాన్లు కదా అక్కా, కొన్నాళ్లు బరువు మోశాక కొంచెం కూర్చుంటాయి. మేస్త్రి చెప్పాడు."

"ఎప్పుడు చెప్పాడు?"

"బిగించిన రోజే. అవి కూర్చున్నాక మళ్లీ ఒకసారి బోల్టులు బిగించుకోవాలి, రమ్మన్నాడు. వెళ్లాలి, తీరిక దొరకలా."

అక్కకు షెడ్డులో ఆ రొద, నిప్పురవ్వలు, గాల్లో బోర్లించి కిందికి దించిన ఆ చెయ్యి కళ్లముందుకు వచ్చాయి.

"గట్టు కట్టించేటప్పుడు నీకు తెలుసన్నమాట."

"తెలుసు. అంటే, ఇంత అనుకోలా. నువ్వు వచ్చేలోపు అయిపోవాలనుకున్నా."

"బండిలో ఏమన్నా బరువు పెట్టి కొలిచావా?"

తమ్ముడు స్క్రూ బిగించడం ఆపాడు. "ఖాళీగానే కొలిచా. ఏం?"

ఏం లేదు అంది అక్క. ఇంతకాలం ఆ బండి తోలినవాడు, నాన్న గట్టు కట్టించిన కథ వెయ్యిసార్లు విన్నవాడు. ఒక కొలత ఎందుకు తీస్తారో వాడి బుర్రకు ఎక్కలేదంటే, ఆ కథ చెప్పిన ప్రతిసారీ వాడు మరో పక్క చూస్తూనే విన్నాడన్నమాట. "ఈ సెలవులో గట్టు దింపిస్తాలే" అన్నాడు వాడు. ఆ సెలవుకు బురద వాళ్లతో పోయాడు.

ఆ సెలవు అయిన మర్నాడు, వాడు అటునుంచి తిన్నగా ఇంటికి వచ్చిన పూట జరిగింది. మెత్తటి నేలలో చక్రాలు దిగబడకుండా టైర్లలో గాలి సగం తీసేస్తారట. తిరిగొచ్చాక నింపుకోవాలి. వాడు అలసిపోయి అలాగే తెచ్చి వాకిట్లో పెట్టి, మొహం కడుక్కోవడానికి లోపలికి వెళ్లాడు. బురద కొట్టుకుపోయిన ఆ టైర్లు నేల మీద పిండిముద్దల్లా పరుచుకుని ఉన్నాయి. బండి ఇంకో రెండు వేళ్లు కుంగిందని అక్క చూసింది. పిలిచింది కూడా.

"ఒరేయ్, ఒకసారి వచ్చి పట్టుకో."

"వస్తున్నా, మీరు కానివ్వండి" అని వినిపించింది.

వేళ మించిపోతోంది. అన్నం గుండిగ తోశారు. అది దబ్బున పడి, బండి ఒక ఊపు ఊగి, ఇంకా కిందికి దిగింది. కూర గుండిగ సలసల కాగుతోంది. మరదలు కింద నిలబడి ముందు అంచుకు గుడ్డ పట్టింది. అక్క తోసింది. గిన్నె అడుగు గట్టు అంచు దాటి గాల్లోకి వచ్చి, ముందుకు ఒరిగింది. అక్క వెనక అంచు పట్టుకుని లాగబోయింది. పీట కాలికింద నుంచి జారింది. చేతిలో గుడ్డ ఒక్కటే మిగిలింది.

మరదలు అరవలేదు. 'వదినా' అని మామూలుగా పిలిచినట్టు పిలిచి, అక్కడే కూర్చుండిపోయింది. మోకాలి నుంచి పాదం దాకా చీర అంటుకుపోయి ఉంది.

ఆసుపత్రికి ఆ జీపులోనే తీసుకువెళ్లారు. ఎత్తుగా ఉందని ఎక్కించడానికి ముగ్గురు మనుషులు పట్టాల్సి వచ్చింది. వరండాలో బెంచీ మీద కూర్చున్నాక తమ్ముడు మొదట అన్న మాట ఇది. "నువ్వు చూసుకుని తోయాల్సింది అక్కా."

అక్క వాడి మొహం చూసింది. వాడు ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే అన్నాడు ఆ మాట. ఆమెకు వాడిని కొట్టాలనీ, దగ్గరికి తీసుకోవాలనీ ఒకేసారి అనిపించింది. రెండూ చేయలేదు.

పని పోయిన కబురు మాత్రం మరీ మెత్తగా వచ్చింది. సూపర్‌వైజరు ఆసుపత్రికి పళ్లు పట్టుకుని వచ్చాడు. "ఆ రోజు పని ఆపేసి అందర్నీ ఆకలితో ఇళ్లకు పంపించాల్సి వచ్చిందమ్మా. మీ మరదలికి ఇలా అయిందని నాకూ బాధగానే ఉంది. కానీ బాధను కంచాల్లో వడ్డించలేను కదా" అన్నాడు. పట్నం ఆయనకు పని ఇచ్చేశారు.

తమ్ముడు బురద వాళ్ల దగ్గరికి వెళ్లడం మానేశాడు. వాళ్లూ రెండుసార్లు ఫోన్ చేసి మానేశారు. ఒకరోజు వాడే అక్కను మేస్త్రి షెడ్డుకు తీసుకువెళ్లాడు. పాత కమాన్లు మళ్లీ వేయిద్దాం, గట్టు కూడా దింపిద్దాం, మళ్లీ వెళ్లి సూపర్‌వైజరు కాళ్లావేళ్లా పడదాం అన్నాడు. అక్క ఎందుకో నమ్మింది.

మేస్త్రి గోడ పక్కకు చూశాడు. అక్కడ నూనె మరక తప్ప ఏమీ లేదు. "ఎవరూ అడగలేదని కమ్మరికి ఇచ్చేశానమ్మా. ఆ ఉక్కు మంచిది. ఉలులకు బాగుంటుందని పట్టుకుపోయాడు. క్వారీ వాళ్లే కొన్నారట."

"అంటే మా బండి కమాన్లతోనే అక్కడ రాళ్లు కొడుతున్నారా?" అంది అక్క.

మేస్త్రి నవ్వాలో వద్దో తెలియక తమ్ముడిని చూశాడు. "కొత్తవి తెప్పించి దింపొచ్చు. కానీ అవీ కొత్తవే కదా. మళ్లీ కూర్చుంటాయి."

మరదలు కర్ర ఆసరాతో నడవడం మొదలుపెట్టిన నాటికి కాలు మీద చర్మం ముడతలు పడి, వేరే ఎవరి కాలో తెచ్చి అతికించినట్టు ఉంది. ఒక మధ్యాహ్నం ఇద్దరూ బియ్యం ఏరుకుంటూ కూర్చున్నప్పుడు అక్క ఉండబట్టలేక అడిగేసింది. "నా మీద కోపంగా ఉందా పిల్లా?"

మరదలు ఒక రాయి ఏరి పక్కన పడేసింది. "తోసింది నువ్వు. బండి దించింది ఆయన. నా కాలికి మాత్రం తేడా తెలియలేదు వదినా" అంది. ఆమె నోటి నుంచి అలాంటి మాట వస్తే ఒకప్పుడు ఇద్దరూ నవ్వేవాళ్లు.

పట్నం ఆయన వ్యాను కొండ మొదటి మలుపులోనే రెండుసార్లు చతికిలబడింది. మూడోసారి ఆయన తమ్ముడిని వెతుక్కుంటూ వచ్చాడు. కొండ ఎక్కే బండి, దారి తెలిసిన మనిషి, రెండూ ఒకే వాకిట్లో దొరికాయి ఆయనకు. తమ్ముడు లోపలికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ఎత్తడానికి వాళ్ల మనుషులే ఉన్నారట. నేను తోలితే చాలట" అన్నాడు.

అక్క ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఇంట్లో అందరం కూర్చుంటే ఎలా అక్కా?"

"నేనేమన్నా అన్నానా?"

"వంటకు ఓ మనిషి కూడా కావాలట. నీ పేరు చెప్పా. పట్నంలో వాళ్ల వంట షెడ్డులో ఉండాలి."

అక్క కత్తిపీట పక్కకు పెట్టింది. "ముందు భాగం నీదిరా. తోలుకో. వెనక భాగం కూడా ఇప్పుడు ఎవరిదో నువ్వే తేల్చేశావుగా" అంది. గొంతు పెంచలేదు. తమ్ముడు తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ వారమే ఆమె తాపీమేస్త్రిని పిలిపించి గట్టు పగలగొట్టించింది. ఆయన సుత్తి దెబ్బలకు కొత్త సిమెంటు పెచ్చులు పెచ్చులుగా లేచింది. ఇటుకలు తీస్తుంటే గోడ మీద బొగ్గు గీత కనిపించింది. సగం చెరిగిపోయి, సున్నం అంటుకుని.

సాయంత్రం తమ్ముడు వచ్చి చూశాడు. "ఇంక బండి రాదు కదా. ఇప్పుడు దేనికి దింపించావు?"

"బండి కోసం కాదు. నా పొయ్యి నా నడుముకు అందాలి."

ఇప్పుడు ఆమె వెనక వాకిలి తెరిచి, దారిన పోయేవాళ్లకు నాలుగు భోజనాలు అమ్ముతోంది. చిన్న గిన్నెలు చాలు. మరదలు ముక్కాలి పీట మీద కూర్చుని వడ్డిస్తుంది. మధ్యాహ్నం వేళకు ఆ పెద్ద టైర్ల చప్పుడు వీధి మొదట్లో వినిపిస్తుంది. పరాయి గుండిగలతో, పరాయి కూర వాసనతో జీపు వాళ్ల వాకిలి ముందు నుంచే కొండకు పోతుంది. టీ కొట్టు దగ్గర నుంచి ఎవడో ఒకడు అరుస్తాడు.

"ఏం గిన్నెలూ, ఇవాళ కూరేమిటి?"

తమ్ముడు నవ్వుతూ చెయ్యి ఊపుతాడు. మలుపు దాకా అక్క చూడదు. ఆ నవ్వు ఎక్కడ ఆరిపోతుందో ఆమెకు చూడకుండానే తెలుసు.

సరిగ్గా ఆ చప్పుడుకే ఆమె చేతులు వాటంతట అవే అన్నం గిన్నెకు గుడ్డ పట్టి తోస్తాయి. గిన్నె గట్టు మీద జారుకుంటూ కొస దాకా వెళుతుంది. అక్కడ ఏమీ లేదు. ప్రతిరోజూ చివరి క్షణంలో మరదలు కర్ర అడ్డం పెట్టి ఆపుతుంది.

"బండి వెళ్లిపోయింది వదినా" అంటుంది.

"ఊఁ" అంటుంది అక్క. గిన్నెను వెనక్కి లాక్కుంటుంది.